‘ఫన్నీ’ యను చిన్న మాట

ఆంగ్లభాషలోని పెద్ద మాటలు మనల నంతగా మోసపుచ్చవు. అవి కనబడగనే నిఘంటువు తెఱచెదము. మోసపుచ్చునవి చిన్న మాటలే. తెలిసినవే యని తలచి వాని నెన్నడును వెదకము. అట్టి మాట యొకటి మాకు నేర్పిన పాఠమును ఈ సంచిక చదువరులకు నివేదింప గోరుచున్నాము.

మేము బోయిన్‌పల్లిలో కాపురముండి యిరువది యేండ్లుగా బాలురకు ఆంగ్లము బోధించుచున్నాము. క్రొత్త మాట వచ్చినపుడు దానికి సరియగు తెలుగు మాట నొకదానిని నల్లబల్లపై వ్రాయుట శిక్షణ కళాశాలనాటి నుండియు మా యలవాటు. ఆ చొప్పున కొన్నేండ్ల క్రిందట ఆఱవ తరగతిలో ‘ఫన్నీ’ యనగా ‘నవ్వు పుట్టించునది’ అని వ్రాసితిమి. కోతి ఫన్నీ, సర్కసులోని బఫూను ఫన్నీ. పిల్లలు సంతోషముతో వల్లించిరి. మేమును తృప్తి చెందితిమి.

ఆ మఱుసటి వారము ముసురు పట్టిన యొక యుదయమున, వెనుక బల్లపై కూర్చుండు బాలు డొకడు లేచి నిలిచెను. వాని తండ్రి కూరగాయల మార్కెట్టులో హమాలీ. పిల్లవాడు మితభాషి. మా గంటలో ఆంగ్లము తప్ప మఱియొక భాష పలుకరాదని మేము నియమము పెట్టి యుంటిమి. వాడు ఆ నియమము తప్పక, “సార్, ఐ యామ్ ఫీలింగ్ ఫన్నీ” యనెను.

తరగతి యంతయు గొల్లుమనెను. మేమును నవ్వితిమి. అంతటితో నూరకుండక, “అట్లయిన ముందుకు వచ్చి మమ్ములను నవ్వింపుము” అంటిమి. వాడు రాలేదు. తల వంచుకొని కూర్చుండెను. మధ్యాహ్నపు గంట కొట్టకమునుపే బల్లపై వ్రాలిపోయెను. ముట్టి చూడగా ఒళ్లు పెనమువలె కాలుచుండెను.

అది డెంగీ జ్వరము. ఆఱు దినము లాసుపత్రిలో నుండెను. రెండవనాటి సాయంకాలము మేము చూడబోగా మంచము ప్రక్కన వాని నాయనమ్మ కూర్చుండి యుండెను. ఆమె పూర్వము సికిందరాబాదులో నొక ఆంగ్లో ఇండియను కుటుంబమున ఆయాగా పనిచేసినదట. మాటల నడుమ నామె, “పిలగానికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేనే నేర్పిన సారూ. పానం ఎట్లనో అయితే మా దొరసానమ్మ ‘ఫీలింగ్ ఫన్నీ’ అనేది. గదే చెప్పిన. తప్పా?” అని యడిగెను.

“తప్పు కాదమ్మా” యని మాత్రము పలుకగలిగితిమి. తరగతి నవ్విన సంగతి ఆమెకు తెలియదు. పిల్లవాడు చెప్పలేదు. వాడు మావంక నొకసారి చూచి గోడవైపు తిరిగి పండుకొనెను.

ఆ రాత్రి నిఘంటువులు ముందు వేసికొని కూర్చుంటిమి. ‘ఫన్’ అను మాటకు 17వ శతాబ్దాంతమున మోసగించుట యని యర్థము. 1755లో సామ్యూల్ జాన్సను తన నిఘంటువులో దానిని నీచపు మాటల పంక్తిని చేర్చెను. ‘అమ్యూజ్’ అను మాటయు పూర్వము దృష్టి మరలించి యేమార్చుట యందు వాడబడినదే. ‘ఫన్నీ’ 18వ శతాబ్దమున నవ్వుగొలుపునదియై, 19వ శతాబ్దమునకు వింతయైనది, అనుమానింపదగినది, ఒంటికి నలతయైనది యను నర్థములను గూడ పొందెను. లెక్కలలో ‘ఫన్నీ’ యున్నదనిన నవ్వరాదు, లెక్కలు సరిచూడవలెను. మోచేతి లోపలివైపున ఎముక వెనుకగా పోవు నరమునకు దెబ్బ తగిలిన చేయి జివ్వుమనును. ఆ చోటును ‘ఫన్నీ బోన్’ అందురు. తగిలినవాడు నవ్వడు.

మన భాషలోను ఇట్టివి లేకపోలేదు. ‘తమాషా’ యను మాట అరబ్బీలో నడకకు సంబంధించిన ధాతువున బుట్టి, పారసీకమున చూడదగిన వేడుకయై, ఉర్దూ ద్వారమున మన వీధులలోనికి వచ్చినది. ‘తమాషాగా నున్నదే’ యనిన ఆశ్చర్యము. ‘తమాషా చేయుచున్నావా’ యనిన గద్దింపు. ‘చిత్రము’ అనిన బొమ్మయు నగును, వింతయు నగును. ఇవన్నియు మేము చిన్ననాటి నుండి యెఱుగుదుము. ఆంగ్లపు మాటకు మాత్రము ఒకే ప్రాణ మున్నదని పిల్లలకు నేర్పితిమి. వాని యాంగ్లము సరియైనది, మాదే కొఱతపడినది.

బాలుడు బడికి వచ్చిన దినమున తరగతి యెదుట నిలిచి, “ఆనాడు వీడు సరిగా పలికెను. మేము తెలియక నవ్వితిమి. జ్వరముతో నున్నవానిని ఎగతాళి చేసితిమి. మన్నింపుము” అని వానితో చెప్పితిమి. తరగతిలో చడీచప్పుడు లేదు. వాడేమియు బదులు చెప్పలేదు. పిమ్మట ‘ఫన్నీ’కి రెండవ యర్థమున తెలుగు మాటలు చెప్పుడని యడిగితిమి. ఒకడు ‘వింత’ యనెను. మఱియొకడు ‘చిత్రము’ అనెను. కొంతసేపటికి వెనుక బల్లనుండి చేయి లేచెను.

“ఎట్లనో, సార్.”

పుస్తకములలో ఆ మాటను ఇట్టి యర్థమున మేము చూడలేదు. అయినను నల్లబల్లపై నన్నిటికంటె పైన దానినే వ్రాసితిమి. ఒంటిలో నలతగా నున్న బిడ్డ యే భాషలో చెప్పినను వినబడునని ఆనాటి నుండి మా నియమమును సడలించితిమి.

నవ్వు నాలుగు విధముల చేటని పెద్దలందురు. విద్యార్థులారా, నవ్వవలదని మేము చెప్పము. బడిలో నవ్వు లేనినాడు చదువు రుచింపదు. అయితే ‘ఫన్నీ’ యను మాట వినబడినపుడు ఆంగ్లేయులే, నవ్వుగొలుపునదియా, వింతయైనదియా యని మాటలాడిన వానిని తిరిగి యడుగుదురు. ఆ యొక్క ప్రశ్నను మే మానాడు అడిగి యుండిన, ఒక పసివాడు నాలుగు గంటలసేపు జ్వరముతో తల వంచుకొని కూర్చుండి యుండడు.