మేడ మీద ఆఫీసు... మనసు ఎక్కడ?

కడపలో ఎర్రముక్కపల్లి, నబీకోట లాంటి చోట్ల కొన్ని ఇళ్లల్లో మేడ మీద గది తలుపు పగలంతా మూసే ఉంటుంది. లోపలి నుంచి ఇంగ్లిషులో మాటలు వినిపిస్తుంటాయి. అదే ఆఫీసు! 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే బెంగళూరు, హైదరాబాదుల నుంచి పెట్టేబేడా సర్దుకుని వచ్చిన పిల్లల్లో చాలామందిని కంపెనీలు తర్వాత వెనక్కి పిలిచాయి. కొందరు మాత్రం ఇప్పటికీ ఇంటి నుంచే పని చేస్తున్నారు.

చూసేవాళ్లకు అదో భోగం. అద్దె లేదు, ట్రాఫిక్ లేదు, వేళకు అమ్మ చేతి సంగటి. అసలు కష్టం ఆ గదిలో కూర్చున్నవాళ్లకే తెలుసు. రోజంతా తెర మీద పది ముఖాలు కనిపిస్తాయి. 'తిన్నావా' అని అడిగేవారు ఒక్కరూ ఉండరు. అర్ధరాత్రి దాకా కూర్చుని చేసిన పనిని మెయిల్‌లో పంపితే జవాబు రాదు. అది బాగుందో లేదో తెలియదు. ప్రమోషన్ల వేళ కళ్లెదుట తిరిగేవాళ్లే బాసుకు గుర్తొస్తారేమోనన్న దిగులు మరొకటి. ఇక ఇంట్లోవాళ్లకు అది పనిలాగే కనిపించదు. 'ఇంట్లోనే ఉండావు కదా పాపా, గ్యాసుబండ వస్తాదంట, చూడు' అనేస్తారు.

కంపెనీలకూ ఈ సంగతి తెలుసు. అందుకే శుక్రవారం సాయంత్రం ఆన్‌లైన్‌లో అంత్యాక్షరీలు, క్విజ్‌లు పెడుతుంటాయి. సరదాగానే ఉంటాయి. కానీ వారమంతా పలకరించని మేనేజరు శుక్రవారం నవ్వమంటే నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

మరి దూరంగా ఉన్నవాళ్లను ఒక జట్టుగా నిలిపేది ఏమిటి? జవాబు కోసం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. ఇదే ఎర్రముక్కపల్లిలో రెండు వందల ఏళ్ల కిందట ఒక పెద్ద ప్రయోగమే జరిగింది.

దొర ఒకచోట... పండితులు ఒకచోట

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. తెలుగు మీద మనసుపడి ఇక్కడ తోటతో ఉన్న బంగళా కొన్నారు. పండితులనూ లేఖకులనూ పెట్టుకుని సొంత డబ్బుతో జీతాలిచ్చారు. అది చాలక అప్పులూ చేశారు. జనం దాన్ని 'బ్రౌన్ కాలేజీ' అన్నారు. కానీ ఉద్యోగం ఆయన్ను ఒకచోట ఉండనిచ్చిందా? మచిలీపట్నం, గుంటూరు, మద్రాసు... బదిలీల మీద బదిలీలు! ఫోను లేదు, రైలు లేదు. ఉన్నదల్లా జాబులే. అయినా కడపలో పని సాగింది.

దానికి మొదటి కారణం అయోధ్యాపురం కృష్ణారెడ్డి. బంగళా వ్యవహారాలన్నీ ఆయనే చూసేవారు. దొర దూరంలో ఉన్నా, మంచిచెడులు చెప్పుకోవడానికి దగ్గరలో ఒక మనిషి ఉన్నాడన్నమాట.

రెండోది పని తీరు. ఒకే కావ్యానికి ఊరూరి నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించేవారు. వాటిని కాగితాల మీదికి ఎక్కించేటప్పుడు దిద్దుబాట్ల కోసం పేజీ విడిచి పేజీ ఖాళీగా ఉంచేవారు. తర్వాత పండితులు కూర్చుని పద్యాన్ని పైకి చదివి, ఏ పాఠం సరైనదో వాదించుకుని తేల్చేవారు. ఎవరి మూల వాళ్లు చేసుకునే పని కాదది. ఒకరి మాట మరొకరు వినాల్సిందే!

మూడోది పేరు. మనుచరిత్రకు జూలూరి అప్పయ్య రాసిన వ్యాఖ్యానం ఆయన పేరుతోనే నిలిచింది.

అప్పటి రోజులు దొరలవే, అంతా ఆదర్శమని చెప్పలేం. 1834లో బ్రౌన్ ఉద్యోగమే పోయింది. లండన్ వెళ్లి 1837లో తిరిగొచ్చారు. ఇన్ని ఒడుదొడుకుల మధ్య కూడా వేమన పద్యాలు 1829లో, ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు 1852లో అచ్చయ్యాయి. బంగళా శిథిలమైపోయినా, జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో ఆ స్థలంలో గ్రంథాలయం లేచింది. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం.

ఇవేం ఖర్చుతో కూడిన పనులు కావు

పంపిన పనికి ఆ రోజే రెండు మాటల జవాబు. తప్పుంటే విడిగా, మెప్పు నలుగురిలో. చేసినవారి పేరు పైవాళ్ల దాకా వెళ్లడం. కొత్తగా చేరినవారికి తోడుగా ఒక పాతకాపు. ఒకే ఊళ్లో ఉన్నవాళ్లు నెలకోసారైనా ఎదురెదురుగా కూర్చోవడం. మేనేజరు ఈ మాత్రం చేస్తే శుక్రవారం ఆటలు వాటంతటవే రక్తికడతాయి.

ఇంట్లోవాళ్ల వంతూ కొంత ఉంది. తలుపు మూసి ఉంటే అది ఆఫీసని గౌరవించాలి. పని వేళ ముగిశాక మాత్రం పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. 'ఏం చేశావు ఈ రోజు' అని అడగాలి. చెప్పింది సగమే అర్థమైనా ఫర్వాలేదు. చేసిన పని గురించి ఒకరు అడిగారన్న ధీమాతోనే మర్నాడు ఆ గది తలుపు హుషారుగా తెరుచుకుంటుంది.