చినారు ఆకుల నమ్దా

పిల్లలూ! కాశ్మీరులోని శ్రీనగర్ వెళితే మీరు చినారు చెట్లను తప్పక చూడాలి. అరచేతిలా విచ్చుకున్న వాటి ఆకులు శరత్కాలంలో నిప్పురంగుకు తిరుగుతాయి. ఆ ఆకులనే అక్కడివారు నమ్దా అనే ఉన్ని తివాచీల మీద కుడతారు.

నమ్దాకు మగ్గం అక్కరలేదు. ఏకిన గొర్రె ఉన్నిని చాపమీద పొరలుగా పరచి, సబ్బునీళ్లు చల్లి, చాపతోసహా చుట్టి, కాళ్లతో తొక్కుతూ దొర్లిస్తారు. ఉన్ని వెంట్రుకకు కంటికి కనబడని పొలుసులున్నవి. తడిసి నలిగినప్పుడు అవి ఒకదానితో ఒకటి చిక్కుకుని ఇక విడిపోవు. నమ్దా ఆరిన తరువాత, కొక్కెం ఉన్న సూదితో రంగుదారాన్ని గొలుసుకుట్టుగా లాగుతూ ఆకులు వేస్తారు.

ఈ పని నేర్చేవారు తగ్గిపోవటం చేత, 2021లో భారత ప్రభుత్వం కాశ్మీరు యువతకు దీన్ని నేర్పించే పథకం ప్రారంభించింది. చినారు ఏటా తనంతట తానే చిగురిస్తుంది. నమ్దా మాత్రం ఒకరు నేర్పి, మరొకరు నేర్చుకుంటేనే నిలుస్తుంది.