పుట్టగానే రాసే చీటీ

మా మనవరాలు ఇక్కడే షోలాపూర్‌లో కంప్యూటర్ డిగ్రీ చదువుతోంది. మొన్న రాత్రి జావా పాఠం పైకి చదువుతుంటే "కన్‌స్ట్రక్టర్" అనే మాట పదిసార్లు వినబడ్డది. ఇండ్లు కట్టే పనా అని అడిగిన. నవ్వి, పక్కన కూచోబెట్టుకొని చెప్పింది.

క్లాసు అంటే నమూనా అట. ఆ నమూనా ప్రకారం తయారైన ఒక్కొక్కటి ఆబ్జెక్టు. "న్యూ" అని రాస్తే ఆబ్జెక్టు పుడుతుంది. పుట్టేటప్పుడే కన్‌స్ట్రక్టర్ ఒక్కసారి నడిచి దాని వివరాలు నింపుతుంది.

ఇది నాకు కొత్త కాదు. మా సాంచ ఖాతాలో బీముకు చీటీ ఉండేది. ఎన్ని పోగులు, ఏ కౌంటు నూలు, ఎన్ని మీటర్లు. చీటీ లేని బీమును జాబరు సాంచ మీదికి ఎక్కనిచ్చేవాడు కాదు.

పిల్ల "కార్మికుడు" అని ఒక క్లాసు రాసింది. పేరు, పుట్టిన సంవత్సరం, అంతే. కన్‌స్ట్రక్టర్ రాయకుండా నన్ను పుట్టించి చూపింది. పేరు దగ్గర నల్ అని, సంవత్సరం దగ్గర 0 అని వచ్చింది. నల్ అంటే ఏమీ లేదని అర్థమట. తర్వాత కన్‌స్ట్రక్టర్ రాసింది. ఇక ఆ రెండూ ఇవ్వకపోతే ప్రోగ్రామే కదలదు.

"మరి తప్పు సంవత్సరం ఇస్తే?" అన్నాను.

"ఇచ్చిందే రాసుకుంటుంది తాతా. 3000 లాంటివైతే వద్దనేటట్టు రాయొచ్చు. నమ్మేటట్టున్న తప్పును అదెట్ల పట్టుకుంటది?"

నేను కాసేపు మాట్లాడలేదు. పీర్ల పండుగ దాటినంక పుట్టానని మా అమ్మ చెప్పేది. బడిలో పంతులు 1958 జూన్ 1 అని రాశాడు. మా తోటి పిల్లల్లో సగం మందికి అదే తేదీ. 1977లో మిల్లులో చేరినప్పుడు గుమస్తా కాగితం అడగలేదు, నా మీసం చూసి 1955 అని వేశాడు. ఖాళీ మాత్రం లేదు, నింపాడు. పని దొరికిందన్న సంతోషంలో నేనూ నోరెత్తలేదు. ఆ రాత ప్రకారం 2013లో నాకు 58 నిండాయి, ఇంటికి పంపారు. మూడేండ్ల జీతం పోయింది. ఆధార్‌లో బడి తేదీ, పీఎఫ్‌లో మిల్లు తేదీ. రెండూ కలవక పింఛను కోసం ఎన్ని నెలలు తిరిగానో మా ఇంటిదానికి తెలుసు.

"నీ ఆబ్జెక్టులో ఏ సంవత్సరం వెయ్యాలి తాతా?" అని పిల్ల అడిగింది. ఇంకా చెప్పలేదు.