ముందు మైనస్

సంక్రాంతి సెలవులకు స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు దిగి ఇంటికి పోయేసరికి బాపు కారు బానెట్ ఎత్తి నిలబడి ఉన్నాడు. తాళం తిప్పితే టక్ టక్ అంటుంది, అంతకుమించి ఏం లేదు.

అది మాకు షికారు బండి కాదు. బాపు దాన్ని కిరాయికి నడుపుతాడు. నా మెస్ బిల్లు అందులోంచే వస్తుంది. పైగా తెల్లారి ఆరింటికి ఒక పెద్దాయనను డయాలసిస్‌కు హనుమకొండ తీసుకుపోవాలి.

"ట్రిపుల్ ఈ చదువుతున్నవు గదా, చూడు" అన్నాడు బాపు. మల్టీమీటర్ పెట్టిన. 11.3 వోల్టులు. ఆరు సెల్లులు నిండుగా ఉంటే 12.6 దాకా ఉండాలి. బ్యాటరీకి నాలుగేళ్లు దాటినయ్, ఇక దాన్ని నమ్మలేం. పాతది తెచ్చిస్తామని షాపులో చెప్పి, కొత్తదాన్ని బైక్ మీద కాళ్ల మధ్య నిలబెట్టుకొని తెచ్చిన.

అప్పటికే పక్కింటి కాక వచ్చి ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్లు నడుపుతున్న మనిషి. "నా ట్రాక్టర్‌కెళ్లి వైర్లేసి స్టార్ట్ చేద్దాం. ఇంజన్ నడుస్తుండంగనే బ్యాటరీ మార్చెయ్. సెట్టింగులు ఏం పోవు" అన్నాడు.

నేను వద్దన్న. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ కరెంట్ పంపుతూ ఉంటుంది, దాన్ని మింగేది బ్యాటరీ. ఒక్కసారిగా బ్యాటరీ తీసేస్తే వోల్టేజ్ పదుల వోల్టులు ఎగబాకుతుంది. పాత ట్రాక్టర్‌లో కాలిపోవడానికి కంప్యూటర్ లేదు కాబట్టి నడిచింది. కారులో ఇంజన్ కంప్యూటర్ ఉంది. అది పోతే మా నెల కిరాయిలు దానికే సరిపోతయ్.

కాక నవ్విండు. బాపు ఆయన దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "పిలగాడు చెప్పినట్టే చేద్దాం అన్నా" అన్నాడు. ఆ మాటతో నా భుజాల మీద బరువు పెరిగింది.

తాళం తీసి పక్కన పెట్టిన. లోపలి కంప్యూటర్లు తాళం తీసినంక కూడా కాసేపు మేలుకొనే ఉంటయ్ కాబట్టి పది నిమిషాలు ఆగిన. తర్వాత పది నంబర్ పానా తీసుకొని నేరుగా ప్లస్ నట్టు మీద పెట్టిన.

బాపు నా మణికట్టు పట్టుకున్నాడు. "ముందుగాల మైనస్!"

"ఎందుకు బాపూ?"

"నాకేం ఎరుక. నేర్పినోడు గట్లనే చెప్పిండు."

పానా రెండో కొస బానెట్ ఇనుముకు బెత్తెడు దూరంలో ఉంది. అప్పుడు వెలిగింది నాకు. కారు బాడీ మొత్తం మైనస్సే. మైనస్ వైరు ఉండగా ప్లస్ మీది పానా బాడీకి తగిలితే అది నేరుగా షార్ట్. బ్యాటరీ లోపలి నిరోధం కొన్ని మిల్లీ ఓమ్‌లే కాబట్టి వందల ఆంపియర్లు పారుతయ్. ఆ నిప్పురవ్వ పక్కనే బ్యాటరీ వదిలే హైడ్రోజన్. మైనస్ ముందే తీసేస్తే బాడీ ఉత్త ఇనుము, పానా తగిలినా ఏం కాదు.

ఈ బ్యాటరీని గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టాడని వైవాలో టకటకా చెప్పినోణ్ణి. ఓమ్ నియమం వచ్చు. పానా ఎక్కడ పెట్టాలో రాలేదు. బాపుకు పానా ఎక్కడ పెట్టాలో తెలుసు, ఎందుకో తెలీదు. అక్కడే నిలబడి ఆయనకు చెప్పిన. ఆయన చిన్నపిల్లాడి లెక్క విన్నాడు. "ఇరవై ఏళ్లు ఉత్తగనే పాటించిన గదరా" అన్నాడు.

టెర్మినళ్ల మీద పట్టిన తెల్లటి పొడిని వంట సోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టినం. కొత్తదాంట్లో ప్లస్ ఏ పక్కకుందో రెండుసార్లు చూసిన. తారుమారైతే ఫ్యూజులు, ఆల్టర్నేటర్ డయోడ్లు పోతయ్. బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు ప్లస్, చివరికి మైనస్. ఆ చివరి నట్టు బాపునే బిగించమన్న.

తాళం తిప్పిండు. ఒక్క దెబ్బకు అందుకుంది. మీటర్ 14.2 చూపెట్టింది. కాక ఏం అనకుండా చాయ్ తాగి పోయిండు.

తెల్లారి ఏడు దాటినంక ఫోన్ వచ్చింది. "దించిన బిడ్డా. కారు మంచిగుంది. గడియారమే తప్పు చూపెడుతుంది. పెద్దాయన దాన్ని చూసి, ఆలస్యమైందా అని దారంతా అడుగుతనే ఉన్నడు."