వార్డెను గారి సంతకం

ఆడవాళ్ళకి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా చిన్నప్పుడే వేసే హెచ్‌పీవీ టీకా మీద మా బంధువుల వాట్సాప్ గ్రూపులో రెండ్రోజులు రభస జరిగింది. మా బాబాయిగారు ఒకాయన "ఖమ్మంలో ఈ టీకా వేసి ఏడుగురు ఆడపిల్లల్ని చంపేశారు, మన పిల్లలకి వేయించకండి" అని ఒక ఫార్వర్డు పెట్టారు. డాక్టరీ చదివిన మా పిన్ని కూతురు "అదంతా పుకారు బాబాయ్, అక్కడ తప్పేమీ జరగలేదు" అని కొట్టిపారేసింది. నాకు పదకొండేళ్ళ కూతురుంది. అందుకని కూర్చుని ఆ వ్యవహారం మొదట్నించీ చదివాను. చదివాక నాకనిపించింది, ఇద్దరు చెప్పిందీ నిజం కాదు అని.

ముందు జరిగిందేమిటో చెప్తాను. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి ఈ టీకా వెయ్యడం మొదలెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. డబ్బు గేట్స్ ఫౌండేషనుది. గుజరాత్‌లో వడోదర జిల్లాలోనూ ఇలాంటిదే ఇంకో కంపెనీ టీకాతో నడిచింది. అప్పటికే ఈ టీకాకి మన దేశంలో అనుమతి ఉంది కాబట్టి దీన్ని ప్రయోగం అనకుండా "డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు" అన్నారు.

కొన్ని నెలలకి టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారన్న వార్తలు బయటికొచ్చాయి. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు, అందులో ఐదుగురు మన రాష్ట్రం వాళ్ళు. గొడవ పెద్దదై 2010 ఏప్రిల్‌లో కేంద్రం అంతా ఆపించేసింది. తర్వాత విచారణ కమిటీ తేల్చిందేమిటంటే, ఒకమ్మాయి క్వారీ నీళ్ళలో మునిగిపోయింది, ఒకమ్మాయిని పాము కరిచింది, ఇద్దరు పురుగుల మందు తాగారు, ఒకమ్మాయి మలేరియాతో పోయింది. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తెలియకపోయినా టీకా వల్ల అయ్యే అవకాశం తక్కువే అన్నారు. కాబట్టి బాబాయిగారి ఫార్వర్డు తప్పు.

మరి "అక్కడ తప్పేమీ జరగలేదు" అన్న మాటో?

విచారణలో చూసిన అంగీకార పత్రాల లెక్క పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఉంది. 9,543 పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అంటే పదింటిలో దాదాపు మూడు. ఇంకో 1,948 పత్రాల మీద ఉన్నవి వేలిముద్రలు. వేలిముద్ర వెయ్యడం నేరమేమీ కాదు, మా నాయనమ్మ కూడా బ్యాంకులో వేలిముద్రే వేసేది. కానీ వేసేముందు ఆ కాయితంలో ఏముందో ఎవరైనా కూర్చోబెట్టి చదివి చెప్పారా అన్నది ప్రశ్న. ఆ పిల్లల్లో చాలామంది గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో ఉండేవాళ్ళు. తల్లిదండ్రులు ఎక్కడో ఊళ్ళో. బిడ్డకి ఇంజెక్షను ఇస్తున్నారన్న సంగతే తెలియని తల్లి తరఫున వార్డెను గారు "మాకు సమ్మతమే" అని సంతకం పెట్టారు.

స్థాయీ సంఘం ఇంకోటి కూడా ఎత్తిచూపింది. టీకా వేశాక పిల్లలకి ఏమైనా అయితే నమోదు చేసే ఏర్పాటు సరిగ్గా లేదని. మన భాషలో చెప్పాలంటే, లాగింగు లేకుండా ప్రొడక్షన్‌లో పెట్టేశారు. మనకి తెలిసిందేగా, సర్వరు పడిపోయిన రాత్రి కాల్‌లో ముప్ఫైమంది ఉంటారు. "నా కోడ్ వల్ల కాదు" అని నువ్వంటావు. అది నిజమే కావచ్చు. లాగ్ చూపించు అంటారు. లాగ్ లేదు. ఇక నీ మాట ఎవరు నమ్ముతారు? మొత్తం రోల్‌బ్యాక్ చేస్తారు, నీదాంతో పాటు ఏ పాపం తెలియని పక్కవాడి మాడ్యూలుని కూడా. అచ్చం అదే జరిగింది. టీకా నిర్దోషే. కానీ ఆ సంగతి జనం నమ్మేలా చెప్పడానికి కావలసిన రెండూ, ముందు అడిగామన్న రుజువు, తర్వాత కనిపెట్టి చూశామన్న రుజువు, వీళ్ళ దగ్గర లేవు.

ఆ పక్కవాడి మాడ్యూలు కథ ఇంకా విచిత్రం. అదే సమయంలో ఫ్రాన్సులోని ఐఏఆర్‌సీ అనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధన కేంద్రం మన దేశంలో వేరే అధ్యయనం చేస్తోంది. రెండు డోసులు సరిపోతాయా, మూడు కావాలా అని చూడటానికి. హైదరాబాదులో మన ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి కూడా అందులో ఉంది. 20 వేలమంది పిల్లలకి వేద్దామనుకున్నారు. ఖమ్మం గొడవతో దాన్నీ ఆపేశారు. అప్పటికి టీకా అందినవాళ్ళు 17,729 మంది. వాళ్ళలో దాదాపు ఐదు వేలమందికి ఒక్క డోసుతోనే ఆగిపోయింది. ఆ పరిశోధకులు పెట్టే బేడా సర్దుకుని పోకుండా ఆ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. 2021లో ఫలితాలు వచ్చాయి. క్యాన్సరు తెచ్చే ముఖ్యమైన రెండు రకాల వైరస్ ఒంట్లో తిష్ట వేయకుండా ఒక్క డోసే 95.4 శాతం కాపాడింది. రెండు, మూడు డోసుల వాళ్ళలోనూ సుమారు 93 శాతమే! 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చిన్న వయసు వాళ్ళకి ఒక్క డోసు వేసినా చాలని చెప్పడానికి ఈ లెక్కలు కూడా ఒక కారణం. ఒక్క డోసంటే ఖర్చు మూడో వంతు. పేద దేశాలకి అది చిన్న విషయం కాదు.

"చూశారా, చివరికి మంచే జరిగింది" అనకండి. 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో సుమారు 1,27,000 మంది ఆడవాళ్ళకి ఈ క్యాన్సరు వచ్చింది, దాదాపు 80 వేలమంది చనిపోయారు. స్కాట్లండ్ వాళ్ళు 2008లో టీకా మొదలెట్టారు. పన్నెండు, పదమూడేళ్ళప్పుడు టీకా పూర్తిగా వేయించుకున్న వాళ్ళలో ఈ క్యాన్సరు ఒక్క కేసు కూడా లేదని 2024లో ప్రకటించారు. మన దేశంలో నిపుణుల బృందం జాతీయ కార్యక్రమంలో చేర్చమని చెప్పేసరికి 2022 వచ్చింది. ఆలస్యానికి ధర లాంటి కారణాలూ ఉన్నాయి, కాదనను. కానీ ఖమ్మం పేరు చెప్తే చాలు అధికారులు ఫైలు మూసేసే పరిస్థితి కొన్నేళ్ళు నడిచింది. 2010లో పదేళ్ళ పిల్లలు ఇప్పుడు పాతికేళ్ళు దాటిన ఆడవాళ్ళు. వాళ్ళలో ఎంతమందికి టీకా అందలేదో మనకి తెలుసు.

మా ఇంట్లో వేయించాలనే నిర్ణయించుకున్నాం. మా అమ్మ "చిన్నపిల్లకి ఇప్పట్నించీ అలాంటి టీకా ఎందుకురా" అంది. వైరస్ ఒంట్లోకి రాకముందు వేస్తేనే పని చేస్తుందమ్మా అని చెప్పాను. పిల్లకి నేనూ మా ఆవిడా కలిసి చెప్పాం. అది ఎలా వ్యాపిస్తుందో చెప్పేటప్పుడు కాస్త నీళ్ళు నమిలిన మాట నిజమే. అంతా విని "మరి అబ్బాయిలకెందుకు వెయ్యరు నాన్నా?" అంది. మంచి ప్రశ్న. ఆస్ట్రేలియాలో, బ్రిటన్‌లో అబ్బాయిలకి కూడా వేస్తారని చెప్పాను. ఈ మొత్తం తతంగానికి ఒక సాయంత్రం పట్టింది, అంతే.

భద్రాచలం హాస్టల్లో ఉన్న అమ్మాయికి కూడా సరిగ్గా ఆ ఒక్క సాయంత్రమే బాకీ పడ్డారు. వాళ్ళమ్మకి కోయలోనో తెలుగులోనో ఎవరైనా చెప్పి, "నీ ఇష్టం, వద్దంటే వద్దు" అని ఉంటే బహుశా చాలామంది సరేననేవాళ్ళు. పోలియో చుక్కలకి పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులే కదా వాళ్ళు! "చదువు లేనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు, టైము దండగ" అనే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. మిగిలిందనుకున్న ఆ టైముకి పదేళ్ళ వడ్డీ కట్టింది మాత్రం వాళ్ళు కాదు.