పైన ఐసు గడ్డ, కింద వెచ్చటి పాలు

ఎండాకాలం వస్తే మా గద్వాలలో ఒక పూట బయట పెట్టిన పాలు విరిగిపోతాయి. పాలైతే వాసన చూసి పారబోస్తాం. మా అత్తమ్మ ఇన్సులిన్ అలా కాదే! వేడి తగిలి దాని బలం తగ్గినా, పైకి చూస్తే నీళ్లలాగే తేటగా ఉంటుంది. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందుకే మొన్న మే నెలలో ఫ్రిజ్ కింది అరలు వెచ్చబడగానే నా చూపు ముందు ఆ డబ్బా మీదికే పోయింది.

మెకానిక్ వచ్చి, వెనక చెయ్యి పెట్టి చూసి, "గ్యాస్ అయిపోయిందమ్మా, నింపాలె" అన్నాడు. నేను ఫ్రీజర్ తెరిచి ఐసు ట్రే చూపించాను. "గ్యాస్ లేకుంటే గడ్డ ఇంత గట్టిగ ఎట్ల కడ్తది బాబూ?" అన్నాను. ఫ్రిజ్‌లో గ్యాస్ వంటగ్యాస్ లాగా వాడితే అయిపోయేది కాదు, ఎక్కడో లీకైతేనే పోతుంది. అప్పుడు సాధారణంగా ఫ్రీజర్ కూడా చల్లదనం కోల్పోతుంది.

మాది ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్. వీటిలో చల్లదనం పుట్టేది ఫ్రీజర్ వెనకున్న కాయిల్ దగ్గర. ఫ్యాన్ ఆ చల్లగాలిని కిందికి తోస్తుంది. కాయిల్ మీద పట్టే మంచును ఒక చిన్న హీటర్ అప్పుడప్పుడు కరిగిస్తుంది. అది పాడైతే మంచు పేరుకుని గాలి దారి మూసుకుపోతుంది. వెనక పలక విప్పితే తెల్లటి గోడలా మంచు! హీటర్ మార్చాడు, అంతే.

ఆ రెండు రోజులూ కొత్త ఇన్సులిన్ పక్కింటి ఫ్రిజ్‌లో ఉంది. వెచ్చబడిన సీసాల సంగతి డాక్టరు గారిని అడిగితే వాడొద్దన్నారు. అత్తమ్మ మాత్రం, "చల్లగనే ఉన్నది బిడ్డా, అన్ని పైసలు పారేస్తవా? నా మందుకు ఇంత తండ్లాట ఎందుకు?" అంటుంది. ఆమెను వదిలేస్తే చప్పుడు చెయ్యకుండా అదే వేసుకునేది.

నాగర్‌కర్నూల్ నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసి, "వదినా, మాది గూడ గట్లనే ఉన్నది" అంటే వరసగా ఇవి చూడమన్నాను. లోపల గాలి వచ్చే రంధ్రాలకు గిన్నెలు అడ్డం ఉన్నాయా? తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూస్తే ఊరికే జారి వస్తోందా? ఫ్రిజ్ గోడకు ఆనుకుని ఉందా? లో వోల్టేజీకి కంప్రెసర్ టక్కుమని ఆగిపోతోందా? ఆమె ఫ్రిజ్‌లో గాలి రంధ్రానికి మామిడికాయల సంచి అడ్డం ఉందట!

మెకానిక్‌ను పిలిచేటప్పుడు "ఫ్రిజ్ పాడైంది" అని ఊరుకోకండి. పైన గడ్డ కడుతోందా, ఫ్యాన్ చప్పుడు వస్తోందా, చెప్పండి. ఇంట్లో ఇన్సులిన్ ఉంటే మాత్రం ఒక చిన్న థర్మామీటర్ కొని ఆ డబ్బా పక్కనే పెట్టండి. చల్లదనం చాలలేదని దాన్ని ఫ్రీజర్‌లో పెట్టకండి, గడ్డకడితే ఇక పనికిరాదు. మందు చెడిపోయిన సంగతి పెద్దవాళ్లకు షుగర్ పెరిగాక తెలియకూడదు కదా!