తల తేలిన చేపలు

పొద్దున ఏడున్నర. హెబ్గెన్ లేక్ మీద గాలి లేదు. మా పడవకి ముప్ఫై అడుగుల దూరంలో ఒక చేప మూతి పైకి లేచి, గుటకేసినట్టు చప్పుడు చేసి మునిగింది. కాస్త ముందుకొచ్చి మళ్ళీ. దాని పక్కన ఇంకోటి, వెనక ఇంకో మూడు. నన్ను పడవెక్కించుకున్న కొలీగ్ గుళ్ళో ఉన్నట్టు గొంతు తగ్గించి "గల్పర్స్!" అన్నాడు. నేను మాత్రం ఒడ్డు వైపు చూశాను, ఏరేటర్ స్విచ్ ఎక్కడుందా అని.

మాది కైకలూరు దగ్గర. కొల్లేరు చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి చేపలు తల తేలడమంటే ఏంటో చెప్పక్కర్లేదు. నీళ్ళకి పచ్చరంగునిచ్చే నాచు పగలు ఎండలో ఆక్సిజన్ వదుల్తుంది, రాత్రంతా తనే పీల్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజు గడిచాక తెల్లవారుజామున నీళ్ళలో పెద్దగా ఏమీ మిగలదు. శీలావతులు, బొచ్చెలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. మోటార్లు వెయ్యాలి, ఆక్సిజన్ బిళ్ళలు చల్లాలి, అదీ వెంటనే. నేను ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉండగా మేం లీజుకి తీసుకున్న చెరువు అలాగే పోయింది. కరెంటు లేదు, జనరేటర్‌లో డీజిల్ లేదు. నాన్న ఆ సంగతి నాకు సెమిస్టర్ పరీక్షలయ్యాక చెప్పాడు.

ఇక్కడ మోంటానాలో, వెస్ట్ యెల్లోస్టోన్ పక్కన, అదే దృశ్యం పండగ. జులై, ఆగస్టుల్లో గాలి లేని పొద్దుటి పూట క్యాలిబేటిస్, ట్రైకో అనే చిన్న చిన్న పురుగులు లేక్ మీద వాలతాయి. ట్రౌట్ చేపలు నీటి పైపైనే తిరుగుతూ వాటిని ఒక్కొక్కటిగా మింగుతాయి. చేప ఎటు వెళ్తోందో కనిపెట్టి, ఈకలతో, దారంతో కట్టిన దొంగ పురుగుని దాని దారిలో ముందుగానే వాలనివ్వాలి. గాలి లేస్తే ఆట అయిపోయినట్టే.

నాకా పొద్దున ఆట మీద మనసు లేదు. ముందురోజు సంగతి చెప్పాలి.

మ్యాడిసన్ నది యెల్లోస్టోన్ పార్కులో ఫైర్‌హోల్, గిబ్బన్ అనే రెండు నదులు కలిస్తే పుడుతుంది. ఫైర్‌హోల్‌లోకి వేడినీటి బుగ్గల నీళ్ళొచ్చి కలుస్తాయి కాబట్టి అది వేసవిలో ట్రౌట్ తట్టుకోలేనంత వేడెక్కుతుంది. చేపలు చల్లటి పిల్లకాలవల్లోకి పారిపోతాయి. ఆ వేడిలో కొంత మ్యాడిసన్‌కీ వస్తుంది. మోంటానాలో నీళ్ళు వరసగా మూడు రోజులు 73 ఫారెన్‌హీట్ తాకితే మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా చేపలు పట్టొద్దంటారు. దీన్ని 'హూట్ ఔల్' అంటారు. కార్చిచ్చుల కాలంలో కలప కొట్టేవాళ్ళు గుడ్లగూబలు కూసే వేళకే పనిలోకి దిగేవాళ్ళట, పేరు అక్కణ్ణుంచొచ్చింది.

నేను వెళ్ళినరోజు ఆ నిషేధం లేదు. మధ్యాహ్నం మూడింటికి నదిలో థర్మామీటర్ పెడితే 68. కొలీగ్ రాడ్ మడిచేశాడు. "ఇంకొక్కసారి వేస్తా" అన్నాను. సియాటిల్ నుంచి పదకొండు గంటలు డ్రైవ్ చేసి వచ్చాను, రెండు రోజులుగా ఒక్కటీ పడలేదు. పడింది. పద్నాలుగు అంగుళాల బ్రౌన్ ట్రౌట్. (దీని పూర్వీకులూ ఇక్కడివాళ్ళు కాదు, యూరప్ నుంచి తెచ్చి వదిలారు. వీసా గొడవ లేదంతే.) దగ్గరికి లాక్కోవడానికి నా చేతకానితనం వల్ల చాలాసేపు పట్టింది. ఫోటో తీయించుకున్నాను. నీళ్ళలో ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని వదిలితే పక్కకి ఒరిగింది. మళ్ళీ నిలబెట్టాను. మొప్పలు ఆడుతున్నాయి, తర్వాత ఆడలేదు.

రాత్రి నాన్నకి ఫోన్ చేస్తే అక్కడ తెల్లారి ఎనిమిదిన్నర.

"చచ్చిపోతే వండుకోలేకపోయావా?"

"ఇక్కడ పట్టి వదిలేస్తాం నాన్నా."

"వదిలేసేదానికి పట్టడమెందుకురా?" కాసేపాగి, "నీళ్ళెంత వేడున్నాయి?" అనడిగాడు.

"మన లెక్కలో ఇరవై డిగ్రీలు."

"ఇరవయ్యా! మన చెరువులో అయితే అది చలికాలం. చేప మేత కూడా ముట్టదు."

ట్రౌట్ చల్లటి నీళ్ళ చేప అని వివరించాను. పది డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో 11 మిల్లీగ్రాములకి పైగా కరిగే ఆక్సిజన్ ఇరవైకొచ్చేసరికి 9కి పడిపోతుందని, అది సముద్రమట్టం దగ్గర లెక్కని, ఇక్కడ ఆరున్నర వేల అడుగుల ఎత్తులో ఇంకా తక్కువని. ఇదంతా నాకు తెలుసు. తెలిసే వేశాను.

"అంత అలిసిపోయినదాన్ని ఫోటో కోసం పైకెత్తావా?" అన్నాడు నాన్న. తిట్టినట్టు కాదు, ఊరికే అడిగినట్టు.

నన్నీ నదుల మీదికి తోలింది నార్మన్ మెక్లీన్ 1976లో తెచ్చిన 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్'. మనం ప్రేమించేవాళ్ళని ఆదుకోలేకపోవడం గురించిన పుస్తకమని దాని మీద ఒకప్పుడు పెద్ద వ్యాసం రాశాను. అందులో తండ్రీకొడుకులు పట్టిన చేపల్ని వదలరు, బుట్టలో వేసుకుంటారు. ఆ సంగతి నా వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ఇప్పుడు రాస్తే అక్కణ్ణుంచే మొదలుపెడతాను. నాన్నకి ఆ పాస్టరు తండ్రితో బాగానే కుదిరేది, దేవుడి విషయం పక్కన పెడితే.

లేక్ మీద పొద్దున నీళ్ళు 62. వెయ్యొచ్చు. కొలీగ్ ఆశగా రాడ్ అందించాడు. నాలుగుసార్లు వేశాను, నాలుగుసార్లూ చేప ఎడంగా వెళ్ళిపోయింది, బాధేం అనిపించలేదు. రాడ్ అతనికే ఇచ్చేసి ఫోన్ తీసి ఆ మూతుల్ని వీడియో తీశాను. చప్పుడు బాగా రికార్డయింది. పదకొండుకి గాలి లేచింది. నీళ్ళు గరుకుగా మారి తలలన్నీ ఒక్కసారి మాయమయ్యాయి.

వీడియో నాన్నకి పంపాను, వివరం ఏమీ రాయకుండా. పడవ ఒడ్డుకి చేరేలోపు వాయిస్ మెసేజ్ వచ్చింది. నిద్రపోబోతూ లేచినట్టున్నాడు, గొంతులో కంగారు.

"ఒరేయ్, ఎవరిదిరా ఆ చెరువు? తల తేలేశాయి చూడు. వాళ్ళకి ఎవరన్నా చెప్పారా?"